హిస్కె వండని వంటలు

మా ఊళ్లో ఇవాళ ఏ వారమో గుర్తు రాకపోతే క్యాలెండరు చూసే పని ఉండేది కాదు. మధ్యాహ్నం పన్నెండు కాబోతుండగా సముద్రపు కట్ట కింద రోడ్డు మీద సైకిలు తొక్కుతూ హిస్కె వంటింటి ముందు నుంచి వెళితే చాలు. ఉల్లిపాయతో ఉడికిన చిక్కుడు గింజల వాసన వస్తే మంగళవారం. ఖైమా ఉండలైతే బుధవారం. ఆలుగడ్డల్లో కలిపి మెదిపిన కేల్ అనే ముదురాకు, పొగబెట్టిన మాంసపు సాసేజీ కలిసి వస్తే గురువారం. శుక్రవారం చేప. పొగమంచు దిగి, కట్ట ఎక్కడ అయిపోయిందో ఆకాశం ఎక్కడ మొదలయిందో తెలియని రోజుల్లో కూడా ఆ వాసన మాత్రం దారి తప్పేది కాదు. ఉత్తరాలు తెచ్చే ఆమె ఆ కిటికీ దగ్గర ముక్కు ఎగరేసి, "అయ్యో, అప్పుడే శుక్రవారమా!" అని తనలో తాను అనుకోవడం నేను విన్నాను.

ఇరవై నాలుగేళ్లు ఆ ఇంట్లో ఏడే వంటలు.

నేను ఇమ్కెని. రక్తం పలచబరిచే మాత్రలు వేసుకునేవాళ్ల ఇళ్లకు వెళ్లే నర్సుని. వేలికి సూది గుచ్చుతాను, చుక్క రక్తం చిన్న యంత్రంలో పెడతాను, అంకె చూస్తాను. ఆ అంకెను బట్టి ఏ రోజు ఎన్ని మాత్రలో ఆఫీసు నుంచి కాగితం వస్తుంది. హిస్కె భర్త వొబ్బెకి నలభై మూడో ఏట గుండెలో లోహపు వాల్వ్ పెట్టారు. ఆ వాల్వ్ మీద గడ్డ కట్టకూడదంటే బతికున్నన్నాళ్లూ మాత్ర తప్పదు. రక్తం మరీ పలచనైతే ఎక్కడో ఒకచోట కారుతుంది, మరీ చిక్కనైతే గడ్డ కడుతుంది. వొబ్బె అంకె రెండున్నరకీ మూడున్నరకీ మధ్య ఉండాలి. ఉండేది కూడా. నేను చూస్తున్న పదిహేనేళ్లలో ఒక్కసారి కూడా గీత దాటలేదు. ఆఫీసులో ఆయన్ని "మన స్తంభం" అనేవాళ్లం.

వొబ్బె ఆ పొగడ్తను కోటుకి పతకంలా పెట్టుకుని తిరిగేవాడు. ఉద్యోగంలో ఉన్నప్పుడు ఊరి పంపుల ఇంటి దగ్గర కాలవల నీటిమట్టం చూసేవాడు. నీరు రెండు వేళ్లు పెరిగినా తరిగినా కనిపెట్టే మనిషి. "ముప్ఫై ఏళ్లు పొలాల నీళ్లనే కొలతలో పెట్టిన వాణ్ణి ఇమ్కె, నా ఒంట్లో నాలుగు లీటర్ల రక్తం నాకో లెక్కా?" అనేవాడు, వేలు చాపుతూ.

"నీదంతా గొప్పే బావా. కదలకు," అనేదాన్ని.

హిస్కె పొయ్యి దగ్గర నిలబడి కలుపుతూ ఉండేది. ఆ మాటకి గరిటె ఒకసారి గిన్నె అంచుకి కాస్త గట్టిగా తగిలేది. ఆ చప్పుడు పదిహేనేళ్లు విన్నాను, ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

పెళ్లికి ముందు హిస్కె రేవు దగ్గర హోటల్లో వంటమనిషి. అక్కడ ప్రతిరోజూ పలక మీద కొత్త వంట పేరు సుద్దతో రాయడం ఆమె పని. ఓడల వాళ్లు దిగగానే ముందు ఆ పలక చూసేవాళ్లట. ఆ మనిషి ఏడు వంటల దగ్గర ఆగిపోవడం ఆడపడుచు డౌట్సెకి పెద్ద వేడుక. ఆదివారం కాఫీకి వచ్చినప్పుడల్లా మొదలుపెట్టేది.

"వదినా, నీకు రెండు చేతులకీ కలిపి ఏడు వేళ్లే ఉన్నాయా ఏంటి? ఏడో వంట దగ్గర లెక్క ఆగిపోయింది!"

"ఎనిమిదో వేలు నీ నోట్లో పెడదామని దాచానులే, డౌట్సె. కాఫీ తాగు."

హిస్కె కొత్త వంటలు మానలేదని నాకొక్కదానికే తెలుసు. మధ్యాహ్నం గిన్నెలు కడిగాక ఆమె కిటికీ పక్క కుర్చీలో ఇరవై నిమిషాలు కన్ను మూసేది. ఆ కునుకులో వండేది. సముద్రం వెనక్కి వెళ్లిపోయి బురద మైదానం మెరుస్తూ ఉంటుంది, దాని మధ్యలో పొయ్యి, తను వొంటరిగా చెప్పులు లేకుండా నిలబడి ఉంటుంది. చిన్న రొయ్యలు, పుల్లటి ఆపిల్ ముక్కలు, ఆవనూనెలో వేయించిన కేల్. బార్లీలో ఉడికిన పాము చేప. బేరికాయ ముక్కలతో, ఆవ ముద్దతో ఆకు చారు. లేవగానే డ్రాయరులోంచి నోటు పుస్తకం తీసి రాసుకునేది. రెండు పుస్తకాలు నిండాయి. ఒకరోజు వొబ్బె పెరట్లో ఉండగా నాకు చూపించింది. ప్రతి వంట పక్కనా చిన్న గడి గీసి ఉంది, వండితే టిక్కు పెట్టుకోవడానికి. ఒక్క గడిలోనూ టిక్కు లేదు.

"ఇవన్నీ ఎప్పుడు వండుతావక్కా?"

"కలలో వండేశాగా," అని పుస్తకం మూసేసింది. నేనూ నవ్వేసి సైకిలెక్కాను. ఎందుకు వండవని అడగాల్సింది నేనే. అడగలేదు.

ఆ ఇంట్లో ఇంకో శబ్దం ఉండేది. భోజనానికి ముందు ఇద్దరూ చేతులు జోడించి, కళ్లు మూసుకుని, ఒక నిమిషం మౌనంగా ప్రార్థించేవాళ్లు. ఆ నిమిషంలో వొబ్బె గుండెలోంచి వాల్వ్ చప్పుడు స్పష్టంగా వినిపించేది. టిక్, టిక్, టిక్. మొదట్లో నేను గోడ గడియారం అనుకున్నాను. ఆ గదిలో గడియారమే లేదు.

పోయిన నవంబరులో హిస్కె తుంటి కీలు మార్చారు. ఆపరేషన్ తర్వాత నడక నేర్పే చోట ఐదు వారాలు ఉండాలన్నారు. వెళ్లే ముందు ఏడు వంటలూ ఎలా చెయ్యాలో కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించింది. నేను వొబ్బె రక్తం చూశాను. మూడు. ఎప్పటిలాగే. మా స్తంభం కదా, ఇక ఐదు వారాల తర్వాత వస్తే చాలని కాగితంలో రాశాను. ఆ మాట నా చేత్తో నేను రాసిందే.

ఆమె వెళ్లిన మూడో రోజే మొదటి గట్టి మంచు పడింది. మంచు తగిలితేనే కేల్ ఆకు తియ్యనవుతుంది. ఊళ్లో ప్రతి ఇంట్లోనూ ఆ వారం కేల్ ముద్దే. పెళ్లాం ఊళ్లో లేని మగాడు పాపం ఏం తింటాడో అని ప్రతి ఇల్లాలికీ ఒకేసారి తోచింది. పెద్ద గిన్నె నిండా కేల్ ముద్ద, పైన సాసేజీ, మీద తువ్వాలు కప్పి, ఒకరి తర్వాత ఒకరు తెచ్చిచ్చారు. ఆ వారంలోనే తొమ్మిది గిన్నెలు. డౌట్సె ఒక్కతే రెండు తెచ్చింది.

తిండి పారెయ్యడం మా వాళ్లకి ప్రాణం పోయినంత పని. దాచిపెడదామంటే ఫ్రీజరు నిండా హిస్కె దాచిన చిక్కుళ్లు, చోటు లేదు. వొబ్బె ఏం చేస్తాడు? మధ్యాహ్నం కేల్, సాయంత్రం కేల్, పొద్దున మిగిలింది వేపుకుని కేల్. పదహారు రోజులు. ఫ్రిజ్ మీది కాగితం వైపు చూడనే లేదు. మాత్రలు మాత్రం గడియ తప్పకుండా మింగాడు. తన అంకె తన మాట వింటుందని నమ్మకం.

ముదురాకుల్లో రక్తం గడ్డకట్టడానికి పనికొచ్చే విటమిన్ ఉంటుంది. అలవాటైన కొలతలో ఆకు తింటే, ఆ కొలతకి తగ్గ మాత్ర ఇస్తాం, రెండూ సర్దుకుంటాయి. కొలత ఒక్కసారిగా మూడింతలైతే మాత్ర ఓడిపోతుంది. ఇది నేను నిద్రలో కూడా చెప్పగలను.

హిస్కె రోజూ మధ్యాహ్నం మూడింటికి అక్కడి నుంచి ఫోన్ చేసేది. మాటలు రెండు నిమిషాలు. తర్వాత, "పెట్టు," అనేది. వొబ్బె నవ్వుకుంటూ ఫోన్‌ను ఛాతీకి ఆనించేవాడు. ఆ చప్పుడు వింటూ ఆమె కునుకు తీసేది. ఆ చోట, కొత్త మంచం మీద, వేరే దేనికీ నిద్ర పట్టలేదట.

ఇక్కడ కేల్ మొదలైన పదిహేడో రోజు ఆమెకి నిద్ర పట్టలేదు. వెంటనే నాకు ఫోన్ చేసింది.

"ఇమ్కె, ఎక్కడున్నావ్? మా ఇంటికి పో."

"ఏమైందక్కా?"

"ఆయన టిక్కు బాగోలేదు. దుప్పటి కప్పిన గడియారంలా వినపడుతోంది."

"ఫోన్లో అలాగే ఉంటుందిలే. రేపు..."

"ఇరవై నాలుగేళ్లుగా వింటున్నాను. నాకు నేర్పకు. పో!"

తిట్టు తిన్న కోపంతోనే వెళ్లాను. వొబ్బె తలుపు తీశాడు. మెట్టు దిగడానికే ఆయాసం. వేలు గుచ్చాను. అంకె చూసి యంత్రం పాడైందనుకున్నాను. ఇంకో వేలు గుచ్చాను. ఒకటి పాయింట్ మూడు. బల్ల మీద పదో గిన్నె తువ్వాలు కప్పుకుని కూర్చుని ఉంది.

"బావా, ఏం తింటున్నావ్?"

"అందరూ ప్రేమగా తెస్తున్నారే," అన్నాడు, దొంగ దొరికినట్టు.

అంబులెన్సులో ఆయన చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. కిటికీ బయట పొలాలు, కాలవలు, మంచులో నిలబడ్డ గొర్రెలు మెల్లగా వెనక్కి తేలిపోతున్నాయి. నాకు ఆ వాల్వ్ చప్పుడు వినాలని ఉంది, ఇంజను మోతలో వినపడలేదు. నాకు భయం వేసింది. వాల్వ్ మీద గడ్డ అప్పుడే మొదలైందని ఆసుపత్రిలో చెప్పారు. ఇంకో రెండు రోజులు ఆగి ఉంటే ఏమయ్యేదో డాక్టరు చెప్పలేదు, నేనూ అడగలేదు. సెలైన్లో మందు ఎక్కించారు. పదకొండో రోజుకి టిక్కు తేటపడింది. మూడింటికి ఫోన్లో హిస్కె విని, "ఆ," అని మాత్రం అంది.

ఆమె చేతికర్రతో ఇల్లు చేరిన వారానికి నేను సూదితో వెళ్లాను. వొబ్బె తల వంచుకుని కూర్చున్నాడు.

"నేను స్తంభం కాదు ఇమ్కె," అన్నాడు. "ఆ స్తంభం పొయ్యి దగ్గర నిలబడి ఉండేది. నాకిప్పుడే తెలిసింది."

హిస్కె ఆలుగడ్డలు చెక్కు తీస్తోంది. "ఈయనకి వాల్వ్ పెట్టిన రోజు ఆసుపత్రిలో ఎవరో ఆమె చెప్పింది. తిండి ఎప్పుడూ ఒకేలా ఉండాలమ్మా, మారకూడదు అని. నేను మార్చలేదు. అంతే," అంది.

నా చేతిలో దూది ఆగిపోయింది.

"అక్కా, వంట మారకూడదని కాదు. ఆకు కొలత మారకూడదని. రోజుకింత ఆకు అని పెట్టుకుంటే, దాంతో ఏం వండినా పరవాలేదు. కొత్తగా మొదలుపెట్టినప్పుడు కొన్నాళ్లు వారం వారం రక్తం చూస్తాం. అంతే."

"మళ్లీ చెప్పు."

మళ్లీ చెప్పాను. ఆమె కత్తి బల్ల మీద పెట్టింది. డ్రాయరు వైపు చూసింది. నోటు పుస్తకాలున్న డ్రాయరు.

"పదిహేనేళ్లుగా ఇది నీ సంచీలోనే ఉందా?"

"నువ్వు ఏడు వంటలు అందుకే చేస్తున్నావని నాకు తెలియదక్కా. అంకె బాగుంది కదా అని... అడగలేదు."

"పొమ్మను," అంది వొబ్బెతో, నా మొహం చూడకుండా.

వెళ్లిపోయాను. సైకిలు నడిపించుకుంటూ కట్ట ఎక్కి, బురద మైదానం చూస్తూ ఏడ్చాను. పదిహేనేళ్లు ప్రతిసారీ వేలు చూశాను, అంకె చూశాను, పొయ్యి దగ్గర మనిషిని చూడలేదు. ఆ తర్వాత మూడు వారాలు వొబ్బె గుమ్మం దగ్గరే చెయ్యి చాపేవాడు. "లోపలికి రమ్మనలేను, ఏమీ అనుకోకు," అనేవాడు. అంకె మాత్రం రెండు పాయింట్ ఎనిమిది, మూడు పాయింట్ ఒకటి, రెండు పాయింట్ తొమ్మిది.

ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం, దట్టమైన పొగమంచు. ముందు చక్రం కూడా సరిగ్గా కనబడటం లేదు. హిస్కె కిటికీ దగ్గరికి రాగానే అలవాటుగా ముక్కు ఎగరేశాను. ఏదో వెన్నలో మగ్గుతోంది. పుల్లగా ఒకటి, తియ్యగా ఒకటి, అడుగున ఆవ ఘాటు. అది మంగళవారం కాదు, గురువారం కాదు. నాకు నిజంగానే ఆ రోజు ఏ వారమో గుర్తు రాలేదు. రోడ్డు మధ్యలో సైకిలాపి నిలబడిపోయాను.

కిటికీ తెరుచుకుంది.

"ఏంటే అలా నిలబడ్డావ్? ఏ వారమో తెలియట్లేదా?"

"తెలియట్లేదక్కా."

"నాకూ తెలియట్లేదు. లోపలికి రా, చలి దూరుతోంది."

లోపల వొబ్బె కళ్లజోడు ముక్కు మీదికి జార్చుకుని, చిన్న తక్కెడలో కేల్ ఆకులు తూస్తున్నాడు. ఒక ఆకు తీశాడు, ముల్లు చూశాడు, మళ్లీ సగం తుంచి పెట్టాడు. నీటిమట్టం చూసిన రోజుల్లో కూడా అంత దీక్షగా ఉండి ఉండడు.

"రోజుకు ఇంతే. ఇదొక్కటే నా పని," అన్నాడు. "మిగతాది ఆవిడ ఇష్టం."

"ఇవాళ ఏంటి బావా?"

"నన్నడక్కు. నిన్న అడిగితే, నాకేం తెలుసు, కలగన్నాను అంది."

బల్ల మీద నోటు పుస్తకం తెరిచి ఉంది. గడుల్లో తొమ్మిది టిక్కులు. హిస్కె మూడు పళ్లాలు పెట్టింది. నా ముందు పెట్టినదాన్లో అందరికంటే ఎక్కువే వడ్డించింది. క్షమించానని నోటితో అనలేదు. ఆమె అనే మనిషి కాదు.

ముగ్గురం చేతులు జోడించి కళ్లు మూసుకున్నాం. టిక్, టిక్, టిక్. నేను కొంచెం ముందే కళ్లు తెరిచాను. హిస్కె పెదాలు ప్రార్థనకి కదలడం లేదు. ఆమె వింటోంది. ఎన్నేళ్లుగానో ఆ నిమిషంలో ఆమె చేస్తున్నది అదేనని నాకప్పుడు అర్థమైంది.

"తినండి," అంది కళ్లు తెరిచి. "చల్లారితే బాగోదు."