వీపు లేని అంతోనివారు

ఫిలిప్పీన్స్‌లోని బొహోల్ తీరాన ఉన్న ఆ రాతి గుడిలో బలిపీఠం వెనుక పైకప్పుదాకా చెక్క నగిషీ, దాని బంగారు గూళ్ళలో పునీతుల కొయ్య బొమ్మలు. ప్రతి శనివారం ఇసిద్రా నిచ్చెనెక్కి, బడికి పంపే పిల్లలకు తుడిచినట్టు వాళ్ళ మొహాలు తుడుస్తుంది. చెవుల వెనకాల కూడా వదలదు. కొడుకు నందింగ్ పడవ మునిగాక కూడా ఆ పని మానలేదు. తోటివాళ్ళ శవాలు ఒడ్డుకు కొట్టుకొచ్చాయి, వాడిది రాలేదు.

పోయిన శనివారం మాత్రం, పోయినవి వెతికిపెట్టే అంతోనివారిని ఆమె గోడవైపు తిప్పేసింది. తాళంచెవి కనబడకపోతే ఆ ఊరి ఆడవాళ్ళు ఇంట్లో ఉండే ఆయన చిన్న బొమ్మకు వేసే శిక్షే అది. తిప్పి చూస్తే ఆయనకు వీపే లేదు. బరువు తగ్గాలని చెక్కినవాళ్ళు వెనకంతా తొలిచేశారు.

"దిగవే ఇసిద్రా!" గుడి చూసుకునే ముసలి తిబుర్సియో కింద నుంచి అరిచాడు. "రేపు పూజలో అందరికీ ఆయన డొల్ల చూపిస్తావా? సిగ్గుతో చస్తాడు పాపం!"

"చూడనీ తాతా. నా బిడ్డను తెచ్చిచ్చేదాకా ఇంతే."

"సముద్రంలో వెతకాలమ్మా. కొయ్య మనిషి, ఆయనకు ఈతొచ్చా?"

"బతికున్నవాణ్ణి ఇమ్మని అడగడం ఎప్పుడో మానేశాను తాతా. పూడ్చుకోడానికి ఒక్క ఎముకైనా ఇమ్మంటున్నాను."

తిబుర్సియో నిచ్చెన కదలకుండా రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు.