పిన్ని పిడికెడు బియ్యం

ఇప్పటికీ కుక్కర్లోకి బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి పక్కన పెడతాను. పెట్టాక గుర్తొస్తుంది, చర్చి మొహం చూసి ఏళ్లయిందని. మా ఆయన చూసీ చూడనట్టు ఊరుకుంటారు. నిన్న కిటికీ కింద మిర్చి బస్తాల లారీ ఆగింది. ఆ ఘాటుకి తుమ్మొచ్చింది, వెనకే పిన్ని గుర్తొచ్చింది. ఆ పిడికెడు అలాగే పట్టుకుని నిలబడిపోయాను.

పిన్నిది మార్టూరు దగ్గర పల్లె. అక్కడ విశ్వాసుల ఇళ్లలో ఆడవాళ్లు ఎసట్లో పోసే ముందు మనిషికో పిడికెడు చొప్పున బియ్యం దేవుడి కుండలో వేసి, ఆదివారం చర్చికి తీసుకెళ్లేవాళ్లు. పిన్ని గుప్పిట మరీ చిన్నదని, దేవుడికి అన్యాయం జరిగిపోతోందని బాబాయి ఏడిపించేవాడు. పాట దగ్గర అన్యాయం మా అందరికీ జరిగేది. ఆవిడ గొంతు పెద్దది, ఓపిక చిన్నది. మేమింకా చరణంలో ఉండగానే తను పల్లవికి తిరిగొచ్చేసేది. వెనక వరసల వాళ్లు పడుతూ లేస్తూ అందుకోవాల్సి వచ్చేది.

తొంభైల చివర్లో ఒక ఏడు పత్తికి పచ్చపురుగు పట్టింది. ఎన్ని మందులు కొట్టినా చావలేదు. కౌలు చేలోనే బాబాయి ఆ మందు తాగి పోయాడు. అలా పోయినవాడికి చర్చిలో చావుగంట కొట్టకూడదన్నారు సంఘ పెద్దలు. పిన్ని ఏడవలేదు. "గంటైనా లేకుండా పంపించానే" అంది, అంతే. ఆ మాట నన్ను ఇప్పటికీ కోస్తుంది.

ఆవిడను ఒంటరిగా వదలకూడదని అమ్మ నన్ను పంపింది. అప్పటికి నాకు ఇరవై దాటాయి. ఇద్దరం మిరపకాయల తొడిమలు తీసే కూలికి వెళ్లేవాళ్లం. మండే చేతులతో తిరిగొచ్చి పిన్ని పొయ్యి ముందు కూర్చునేది, ముద్ద దిగేది కాదు. పాట లేదు, ప్రార్థన లేదు. ఇంటి మూలన మిగిలిన పురుగుమందు డబ్బాను నేను తీసి పూడ్చేశాను. మర్నాడు పిన్ని ఆ మూలంతా వెతకడం చూశాను. ఎందుకని అడిగే ధైర్యం లేకపోయింది.

పిడికెడు మాత్రం మానలేదు. మా ఇద్దరిదే కాదు, బాబాయిదీ వేసేది. నాకు ఒళ్లు మండింది. "గంట కొట్టనోళ్లకి ఆయన బియ్యం దేనికి పిన్నీ?" అన్నాను. ఆ ఆదివారం పిన్ని చర్చికి కదల్లేదు. కుండ నిండిపోయింది.

ఆ వారమే పక్క ఊళ్లో ఇంకో రైతు అలాగే పోయాడని, పెళ్లాం మరీ చిన్నదని కూలి దగ్గర విన్నాం. పిన్ని చేతిలో కాయలు వదిలేసి లేచింది. ఇంటికొచ్చి కుండ చంకనెత్తుకుంది.

"ఎక్కడికి?"

"ఆ పిల్ల తినుండదే."

ఆ రైతు ఇంట్లో సలహాలకు కరువు లేదు. పొయ్యి వెలిగించిన వాళ్లే లేరు. పిన్ని గంజన్నం కాచి ఆ అమ్మాయి పక్కన కూలబడింది. ఆమె మొహం తిప్పుకుంది. పొద్దు వాలేదాకా పిన్ని గిన్నె దించలేదు. చివరికి, "నిన్ను ఓదార్చడానికి రాలేదమ్మాయ్. నాకూ ముద్ద దిగట్లేదు. నువ్వు తింటే నేనూ తింటా" అంది. ఇద్దరూ ఏడుస్తూనే తిన్నారు.

తిరిగొస్తుంటే దారి పొడుగునా కల్లాల్లో మిరపకాయలు ఎర్రగా ఆరుతున్నాయి. పిన్ని సన్నగా పాట అందుకుంది. నేను గొంతు కలిపితే, ఎప్పట్లాగే నన్ను వెనక వదిలేసింది. "ప్రభువు నన్నెందుకు ఉంచాడో తెలిసిందే" అంది. ఆ మొహంలో సంతోషం చూసి నాకు భయం తీరింది. కోపం తీరలేదు. తర్వాతి ఏళ్లలో ఆ కుండ ఎన్ని గడపలెక్కిందో! ఒక మనిషికి పని చూపించడానికి అన్ని ఇళ్లు కూలాలా అని దేవుడితో నా తగాదా ఇంకా నడుస్తూనే ఉంది.

పిన్ని పోయినప్పుడు ఆ ఇళ్ల ఆడవాళ్లందరూ వచ్చారు. గంట మోగింది. అందులో సగం బాబాయిదనుకుని విన్నాను.

నిన్న ఆ పిడికెడు ఏ గడపకు పట్టుకెళ్లాలో తెలియక మళ్లీ కుక్కర్లోనే పోసేశాను. కాలం పిన్నిని తీసుకుపోతూ, ఆ చేతి అలవాటుని మాత్రం నా దగ్గర మరిచిపోయింది.