రాయి లేని బంతి

పుల్లయ్య ఎడమ కనుబొమ్మ మధ్యలో చింతగింజంత మేర వెంట్రుకలు మొలవవు. అది ప్రేమానందం చేసిన పని. ఇద్దరికీ ఇప్పుడు అరవై ఎనిమిదేళ్ళు. అయినా ప్రేమానందం ఏది విసిరినా, అది అగ్గిపెట్టె అయినా సరే, పుల్లయ్య అరచెయ్యి దానంతటదే వెళ్ళి కంటికి అడ్డం పడుతుంది.

జగ్గయ్యపేటలో వాళ్ళ చిన్నప్పుడు వాళ్ళుండే వీధిలో ఎవరూ బంతి కొనేవాళ్ళు కాదు. గుడ్డపీలికలు ఉండచుట్టి, మిరపకాయల బస్తాలు కుట్టే పురికొసతో పైన వలలా అల్లి బిగించేవారు. ఆ అల్లిక ప్రేమానందానికి వచ్చినట్టు ఇంకెవరికీ రాదు. చేతిలో బలం మాత్రం తక్కువ. ఏడుపెంకులాటలో అతను విసిరిన బంతి పెంకుల దొంతి దాకా పోకుండానే నేల మీద వాలేది. పిల్లలంతా నవ్వేవారు. పదకొండో ఏట ఒకరోజు ఆ నవ్వులు భరించలేక గుడ్డల మధ్యలో సున్నపురాయి ముక్క పెట్టి చుట్టాడు. ఎవరికీ చెప్పలేదు.

ఆ రోజు మొదటిసారి అతని బంతికి పెంకులన్నీ చెదిరిపోయాయి. తర్వాతి ఆటలో వంగి పెంకులు పేరుస్తున్న పుల్లయ్యను కొట్టే వంతు అతనిదే వచ్చింది. వీపుకని విసిరాడు. సరిగ్గా అప్పుడే పుల్లయ్య తలెత్తాడు.

పుల్లయ్య తల్లి ఆదెమ్మ పరుగున వచ్చింది. నెత్తురు కడిగి, కన్ను నిలిచిందని చూసుకున్నాక, కొడవలితో బంతిని కోసింది. రాయి తీసి ప్రేమానందం అరచేతిలో పెట్టింది. కొట్టలేదు, తిట్టలేదు.

"ఇది లేకపోతే ఆడటం చేతకాదంట్రా నీకు?"

"దూరం పోవట్లేదు పిన్నీ."

"పోయేదాకా విసురు. మనిషి ఉన్నచోటికి ఇంకెప్పుడూ రాయి పంపమాక."

తన పాతచీర అంచు చింపి, మళ్ళీ బంతి చుట్టుకోమని తనే ఇచ్చింది. ఆ వేసవంతా ప్రేమానందం ఒక్కడే గోడకేసి విసిరాడు. చేత్తో కాదు, నడుము తిప్పి విసరాలని అతనికి అప్పుడు తెలిసింది. బంతిని నీళ్ళతొట్టిలో ముంచితే బరువు చాలినంత వస్తుందనీ, తగిలితే తడి అంటుతుందే తప్ప తోలు చిట్లదనీ కూడా తెలిసింది. వానలు పడేనాటికి పెంకులు పడగొట్టడంలో అతని పేరే ముందు చెప్పేవారు.

పెద్దయ్యాక విశాఖపట్నం రైల్వేలో పెయింటరుగా చేరాడు. ముప్పయ్యారేళ్ళు పెట్టెలకు రంగులు వేసి రిటైరయ్యాడు. కొందరు కలిసి రెండు పాత ఓడలను తుక్కు కాకుండా కాపాడుతున్నారనీ, తుప్పు గీకేవాళ్ళు కావాలనీ తెలిసి వెళ్ళాడు. జీతం లేదు. మధ్యాహ్నం భోజనం పెడతారు. ఎండలో ఇనుము గీకి వచ్చిన మొదటి సాయంత్రం చేతులు బొబ్బలెక్కాయి. మర్నాడు కూడా వెళ్ళాడు. అలా ఆరేళ్ళు వెళ్ళాడు.

ఓడల బాధ్యత చూసే శాంతికుమార్ నేవీలో పనిచేసి వచ్చినవాడు. ఓడని గట్టుకి కట్టేటప్పుడు ముందు ఒక సన్నతాడు విసురుతారనీ, గట్టు మీద వాళ్ళు దాన్ని పట్టుకుని లాగితే దాని వెనక లావుతాడు వస్తుందనీ ఐదో ఏడు ఒకరోజు చూపించాడు. ఆ సన్నతాడు చివర బంతిలాంటి ముడి ఉంది. ప్రేమానందం దాన్ని తిప్పి తిప్పి చూశాడు. విప్పి, ఇంకా బిగువుగా అల్లి ఇచ్చాడు.

"ఎక్కడ నేర్చారండీ ఇది?"

"జగ్గయ్యపేటలోనండి."

"అక్కడ సముద్రం ఎక్కడిదండీ?"

"లేదండి. మిరప బస్తాలున్నాయి."

ఆ మరుసటి ఏడాది పెద్ద ఓడని కొత్త గట్టుకి మార్చాల్సి వచ్చింది. దాని ఇంజను ఎప్పుడో ఆగిపోయింది. ఇంకో పడవ లాక్కొస్తోంది. చీకటి పడేలోపు కట్టలేకపోతే వెనక్కి తీసుకుపోవాలి. ఇది ఇక పనికిరాదు, తుక్కు చేసెయ్యండి అనేవాళ్ళు అప్పటికే చాలామంది ఉన్నారు. గాలి గట్టు వైపు నుంచి కొడుతోంది. ఓడ మీద నుంచి కుర్రవాళ్ళు నాలుగుసార్లు విసిరారు. నాలుగుసార్లూ తాడు నీళ్ళలోనే పడింది. ఓడ మెల్లగా దూరం జరుగుతోంది.

శాంతికుమార్ జేబులోంచి పెద్ద నట్టు తీశాడు. "ఇది ముడిలో పెట్టి అల్లండి ప్రేమానందం గారూ. ఇంక టైం లేదు."

గట్టు మీద తాడు అందుకోవడానికి ఇద్దరు కూలీలు తలలు పైకెత్తి నిలబడి ఉన్నారు. నెత్తిన టోపీలు కూడా లేవు.

"పెట్టనండి."

"పెట్టకపోతే ఎట్టా చేరుద్దండీ? ఓడ పోద్ది."

"పోతే నా వల్ల పోయిందని చెప్పండి. మనిషి ఉన్నచోటికి ఇనుము పంపను."

ఆరేళ్ళు తన చేత్తో గీకి రంగు వేసిన ఓడ అది. ముడిని బకెట్ నీళ్ళలో ముంచి, బాగా నాననిచ్చాడు. తాడు సగం ఎడమచేతిలో వదులుగా చుట్టుకున్నాడు. కూలీలకేసి కాకుండా వాళ్ళ తలలకు బాగా పైన, వెనకున్న షెడ్డు కప్పుకేసి చూశాడు. నడుము తిప్పి విసిరాడు.

తడిబంతి గాలిని కోసుకుంటూ పోయి షెడ్డు రేకు మీద టప్పున పడింది. తాడు ఇద్దరి భుజాల మీదుగా వాలింది. వాళ్ళు ఊరికే చెయ్యెత్తి అందుకున్నారు.

చీకటి పడేలోపే ఓడని గట్టుకి కట్టేశారు. శాంతికుమార్ నట్టు జేబులో వేసుకుని, "ఇక మీదట మన తాళ్ళలో ఇనుము ఉండకూడదు" అని అందరికీ వినపడేలా చెప్పాడు. ప్రేమానందం ఓడ దిగి వచ్చేసేటప్పుడు ఆ బంతిని తాడు నుంచి కోసి అతని చేతికిచ్చాడు.

ఇప్పుడు ప్రేమానందం నందిగామలో కూతురు సూసన్ దగ్గర ఉంటున్నాడు. మొన్న పుల్లయ్య పేట నుంచి బస్సెక్కి వచ్చాడు. టీ తాగుతూ ఇదంతా విని బంతి తీసుకున్నాడు. బొటనవేళ్ళతో నొక్కి నొక్కి చూశాడు.

"లేదురా రాయి," అన్నాడు ప్రేమానందం.

"నువ్వు లేదంటే సరిపోద్దా? కన్ను నాది."

సూసన్ లోపల నవ్వడం వినిపించింది. పుల్లయ్య ఇంకోసారి నొక్కి, బంతి స్నేహితుడి చేతికిచ్చి, వాకిట్లోకి నడిచి ప్రహరీగోడ దగ్గర నిలబడ్డాడు.

"అమ్మ ఉంటే చూసేది," అన్నాడు. "విసురు."

ప్రేమానందం బంతిని చెంబు నీళ్ళలో ముంచాడు. పుల్లయ్య అరచెయ్యి కంటి దాకా లేచి, ఆగి, మెల్లగా కిందికి దిగింది. రెండు చేతులూ ముందుకు చాపి నిలబడ్డాడు.