వెనక సీటు బాపుది

మా ఇంట్లో ఇప్పటికీ ఉన్న పాత బైకుకు ముందు సీటు కన్నా వెనక సీటే ఎక్కువ అరిగింది. అది మా బాపు, అంటే నాన్న, కూర్చున్న చోటు. ఆ బండిని అమ్మేయమని ఏడాదికి ఇద్దరు ముగ్గురైనా వస్తారు. వాళ్లకు చాయ్ పోసి పంపిస్తాను.

బాపు బోరు మోటార్లు బాగుచేసేవాడు. మాది జఫర్‌గఢ్. జనగామ వైపు ఊళ్ల నుంచి మహబూబాబాద్ దాటి గంగారం అడవుల దాకా ఎవరి మోటారు కాలినా ఆయనకే కబురు వచ్చేది. నేను ఇంటర్ చదువుతున్నప్పుడు ఒక మోటారు జారి ఆయన కుడి పాదం మీద పడింది. ఎముక అతికింది గానీ పాదంలో పట్టు రాలేదు. బండికి వెనక బ్రేకు ఉండేది ఆ పాదం కిందే. మంచం పట్టి కూర్చునే మనిషి కాదు. ఒకరోజు తాళంచెవి నా చేతిలో పెట్టి, తాను వెనక ఎక్కాడు.

ఆడపిల్ల బండి నడపడం, తండ్రి వెనక కూర్చోవడం ఊరికి మంచి కాలక్షేపమైంది. హోటల్ దగ్గర ఒకాయన రోజూ అడిగేవాడు, బిడ్డ నిన్ను బడికి తీస్కపోతున్నదా అన్నా అని. ఇంకా అ ఆలు రాలేదని బాపు నవ్వేవాడు. నాకు మాత్రం ఒళ్లు మండేది. ఆ కోపమంతా యాక్సిలరేటర్ మీద చూపేదాన్ని.

గాలిలో మాట వినపడదు కాబట్టి బాపు చేతులతో చెప్పడం మొదలుపెట్టాడు. ఎడమ భుజం తడితే నెమ్మది. కుడి భుజం తడితే పోనీ. రెండు భుజాలూ కలిపి నొక్కితే ఆపు. భూపాలపల్లి దారిలో బొగ్గు లారీల వెనక నేను నేర్చుకున్న విద్యంతా ఇదే. వెనక సీటు ఎత్తు, మనిషీ పొడుగు, దారి నాకన్నా ముందు ఆయనకే కనపడేది. కుడి భుజం మీద తట్టు పడగానే రెండో ఆలోచన లేకుండా లారీని దాటేసేదాన్ని. ఒకసారి పని మీద కాళేశ్వరం దాకా వెళ్లాం. గోదావరి దగ్గర దిగి చూసుకుంటే నా భుజాల మీద రెండు నల్లటి నూనె మరకలు. అమ్మ అలాంటి చొక్కాలెన్నో తిడుతూ ఉతికేది. ఒక్కటైనా ఉతక్కుండా దాచుకోలేదని ఇప్పుడు బాధపడుతున్నాను.

తర్వాత మట్టి ట్రాకుల మీద బైక్ పోటీలకు వెళ్లడం మొదలైంది. మొదటి పోటీలో అందరూ వెనక సీట్లు పీకేసి బరువు తగ్గించుకుంటుంటే నేను తీయనన్నాను. నవ్వారు. ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు కదా, నా ఇంటిని బండి మీదే పెట్టుకుని వెళ్లాను. మూడో స్థానం వచ్చింది.

కొన్నేళ్లకు చెన్నై దగ్గరి ఒక ట్రాక్ వాళ్లు బైక్ రేసర్లకు కారు నడిపే ఎంపిక పెట్టారు. ఒక్క మనిషే పట్టే రేసు కారు. పైకప్పు ఉండదు, చక్రాలు బయటికి ఉంటాయి, తొక్కితే వీపు సీటుకు అతుక్కుపోతుంది. రెండు రోజుల్లో తేలిపోతుంది. వాళ్లు పెట్టిన టైంలోపు ట్రాక్ చుట్టి వస్తే ఏడాదంతా నడపనిస్తారు, లేకపోతే ఇంటిదారి. నా వయసుకు ఇంకో అవకాశం రాదని తెలుసు. బాపు కూడా వచ్చాడు. కుంటుకుంటూ కారు చుట్టూ రెండుసార్లు తిరిగి, "మరి నేనేడ కూసోవాలె?" అన్నాడు. నవ్వులాటకే అన్నాడు. నేను మాత్రం సీటు వెనక చోటు వెతికాను.

మొదటి రోజు నా టైం అందరికన్నా అధ్వానం. శిక్షకుడు కంప్యూటర్‌లో గీతలు చూపించి, మలుపు ముందు వేగం తగ్గించమంటే కారునే ఆపేస్తున్నావేమిటని అడిగాడు. బ్రేకు తాకడమే ఆలస్యం, నా కాలు ఇంకా ఇంకా తొక్కేది. సాయంత్రం అదంతా బాపుకు చెబుతూ, రెండు భుజాల మీదుగా బిగించే సీటు బెల్టులకు కమిలిన చోట రుద్దుకుంటున్నాను. ఆయన చూసి, రెండు దిక్కులా ఒత్తుతున్నదా అని అడిగాడు. అవునన్నాను. ఇద్దరికీ ఒక్కసారే అర్థమైంది. బ్రేకు వేసినప్పుడల్లా బెల్టులు రెండు భుజాలనూ కలిపి నొక్కుతున్నాయి. నా కాలికి అది బాపు మాట. ఆపమని.

మర్నాడు ఉదయం కారులో కూర్చున్నాను. రేసు కారులో ఎవరి బెల్టులు వాళ్లు బిగించుకోలేరు, మెకానిక్ వచ్చి లాగాలి. బాపు ఆయన్ని జర ఆగమని, తానే వంగి, మోటారు తీగ చుట్టే ఆ చేతులతో రెండు పట్టీలూ బిగించాడు. తర్వాత నా రెండు భుజాల మీద చేతులేసి నొక్కాడు.

"గిది ఆపుమని కాదు బిడ్డా. నేను ఎనుకనే ఉన్న అని. ఇగ పో."

కుడి భుజం తట్టి పక్కకు జరిగాడు.

ఆ రోజు టైం వచ్చింది, ఏడాదంతా కారు నడిపాను, ఒకటి రెండు కప్పులు కూడా ఇంట్లో దుమ్ము పట్టి ఉన్నాయి. అవేవీ నాకు అంతగా గుర్తురావు. గుర్తొచ్చేది ఆ ఉదయం మొదటి మలుపు. బ్రేకు తొక్కాను. రెండు భుజాలనూ బెల్టులు పట్టుకున్నాయి. హెల్మెట్ లోపల ఏడుపు ఆగలేదు. కాలు మాత్రం బ్రేకు మీద నుంచి లేచింది.