రద్దు మావయ్య

రేసుల యాప్‌ని మా మావయ్య రద్దు చేసినన్ని సార్లు ఈ భూమ్మీద మరో మనిషి రద్దు చేసి ఉండడు. కారు రేసులంటే ఆయనకి ప్రాణం. ఆ రేసులు చూపించే యాప్‌కి చందా కట్టమంటే మాత్రం ప్రాణం పోయినట్టుంటుంది. అందుకని కడతాడు, కట్టిన మరుక్షణం రద్దు చేస్తాడు, గడువు అయిపోయాక మళ్ళీ కడతాడు, మళ్ళీ రద్దు చేస్తాడు. వీధిలో ఆయన అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. ఆయనకంటే పదేళ్ళు పెద్దవాళ్ళు కూడా రద్దు మావయ్య అనే పిలుస్తారు.

నాకు ఈ ఊళ్ళో బడిలో సైన్సు టీచరుగా ఉద్యోగం వచ్చి, మావయ్యవాళ్ళ మేడ మీద గదిలో దిగాను. దిగిన మొదటి రోజే నాకు రేసుల పట్టిక చూపించాడు. అత్తయ్య నడిపే జిరాక్స్ కొట్లో దాన్ని పెద్దది చేయించి ఫ్రిజ్ తలుపుకి అంటించాడు. దాని మీద ఎర్ర గీతలు, పచ్చ గీతలు, బాణాలు. యుద్ధానికి వెళ్ళే సేనాధిపతి దగ్గర కూడా అంత పకడ్బందీ పటం ఉండదు.

"చూడమ్మాయ్, మామూలు మనిషి ఒకటో తారీఖున కడతాడు. చందా ఉండే ఇరవై ఎనిమిది రోజుల్లో ఎన్ని రేసులు దొరుకుతాయి? రెండు. అదే నేను ఆదివారం రేసు మొదలయ్యే ముందు కడతాను. మూడొస్తాయి. గ్రహాలు అనుకూలిస్తే నాలుగో దాంట్లో సగం!"

"సగం రేసేంటి మావయ్యా?"

"ఉచితంగా వచ్చినప్పుడు సగమైనా రేసే."

నిజంగానే ఒకసారి నాలుగో రేసు మంచి రసపట్టులో ఉండగా గడువు తీరి తెర నల్లబడింది. ఎవరు గెలిచారో తెలియక ఇల్లంతా గిలగిల్లాడాం. మావయ్య మాత్రం అరగంట రేసు ఊరికే చూశానన్న తృప్తితో వెళ్ళి హాయిగా స్నానం చేశాడు.

ఇక రద్దు చేయడమనేది ఆయనకి ఒక కళ. మీట నొక్కగానే యాప్ "మమ్మల్ని ఎందుకు వదిలి వెళ్తున్నారు?" అని ఒక గడి చూపిస్తుంది. లోకంలో ఎవరూ దాన్ని నింపరు. మావయ్య కళ్ళజోడు తుడుచుకుని, కుర్చీ జరుపుకుని, ఉత్తరం రాసినట్టు రాస్తాడు. "మీ మీద నాకు కోపమేమీ లేదు. ఈ గడువు తీరాక వచ్చే రేసుకి మూడు వారాలుంది. అంతవరకు మీరు నాకెందుకు, నేను మీకెందుకు? అందరూ కులాసా అని తలుస్తాను."

అప్పుడు యాప్ పావు వంతు తగ్గిస్తానంటుంది. మావయ్య మళ్ళీ రద్దు నొక్కుతాడు. మూడోసారి నొక్కితే సగానికి సగం తగ్గిస్తుంది. దీన్ని ఆయన బతిమాలించుకోవడం అంటాడు. ఈ విద్యని ఇంట్లో కూడా ప్రయోగించబోయాడు. ఒకరోజు కూర బాగాలేదని కంచం ముందు నుంచి లేచి మూడడుగులు వేసి ఆగాడు, అత్తయ్య బతిమాలుతుందని. అత్తయ్య ఆ కంచం తీసుకెళ్ళి కడిగి బోర్లించింది.

"నా దగ్గర ఆఫర్లు లేవు," అంది.

కట్టిన ఇరవై ఎనిమిది రోజులూ గిట్టుబాటు కావాలి కదా. అందుకని రేసే కాదు, దానికి ముందు జరిగే ప్రాక్టీసు, తర్వాత డ్రైవర్లు చెమట తుడుచుకుంటూ చెప్పే కబుర్లు, పదేళ్ళ నాటి పాత రేసులు అన్నీ చూస్తాడు. ఒక్కడే చూస్తే దండగని గడప తొక్కినవాళ్ళందరినీ కూర్చోబెడతాడు. గ్యాస్ బండ తెచ్చే అతను పాపం ఖాళీ బండ భుజాన పెట్టుకుని నిలబడే నాలుగు ల్యాపులు చూసేవాడు. ఇప్పుడతను బండ అయిపోకపోయినా ఆదివారాలు వస్తున్నాడు. ఎర్ర కార్ల జట్టంటే అతనికి మహా అభిమానం.

ఇంతటి మావయ్య కూడా భయపడే మనిషి ఒకరున్నారు. ఆయనకి మెకానిక్ పని నేర్పిన గురువుగారు. రెండు వీధుల అవతల మేడ మీద ఉంటారు. కారు వీధి మలుపు తిరుగుతుండగానే చప్పుడు విని దానికొచ్చిన రోగం చెప్పేవారట. తుంటి విరిగాక మెట్లు దిగడం మానేశారు. ఒకరి దగ్గర రూపాయి ఊరికే పుచ్చుకోరు. మావయ్య చేతికర్ర కొనిస్తే, దాని డబ్బు ఆయన జేబులో కుక్కి మరీ పంపించారు. ఇవన్నీ వినడమే కానీ నేనాయన్ని ఎప్పుడూ చూడలేదు.

సీజన్లో ఆఖరి రేసు రోజు వచ్చింది. మొదటి ఇద్దరికీ పాయింట్లు సమానం. ఎవరు ముందొస్తే వాళ్ళదే ఆ ఏటి కప్పు. మధ్యాహ్నం భోంచేసి, మావయ్య తన ఫోను నా చేతిలో పెట్టాడు.

"నిండిపోయిందంటోంది. చెత్తంతా తీసెయ్యమ్మాయ్. ఈలోగా షెడ్డుకి తాళం వేసొస్తాను."

చెత్త తీస్తుంటే ఒక మెయిల్ కనబడింది. అదే రేసుల యాప్. ఏడాది చందా. పూర్తి ధర. నిన్ననే ఆటోమేటిగ్గా మళ్ళీ కట్టించుకుంది! వెనక్కి వెళ్ళి చూస్తే మూడేళ్ళుగా ఇదే తంతు. మావయ్య పూర్తి ధర కట్టడమా? ఎవడో ఆయన్ని నిలువునా ముంచుతున్నాడు!

వెంటనే రద్దు నొక్కాను. ఏడాది చందా కట్టి రెండు రోజులు కాలేదు కాబట్టి డబ్బంతా వాపసు, చందా తక్షణం బంద్. ఎందుకు వెళ్తున్నారని అడిగితే "మీకు మనస్సాక్షి ఉందా?" అని రాశాను. సగం తగ్గిస్తామని బతిమాలినా కరగలేదు. మావయ్య రాగానే గుమ్మంలోనే చెప్పాను.

ఆయన మొహం పాలిపోయింది.

"రద్దు చేశావా? ఎవరు చెయ్యమన్నారు నిన్ను?"

రద్దు అన్న మాట ఆయన నోట తిట్టులా వినిపించడం అదే మొదటిసారి.

"మోసమేమో అనుకున్నాను..."

"అది గురువుగారిది! పద, పద, అరగంటే ఉంది!"

స్కూటరు మీద సంగతంతా చెప్పాడు. రేసులు లేకపోతే గురువుగారికి ఆదివారం గడవదు. డబ్బు తను కడతానంటే ఆయన టీవీయే తీసి బయట పారేస్తారు. అందుకని ముప్పై ఏళ్ళు ఇంజన్ల పని చేసినవాళ్ళకి కంపెనీ ఉచితంగా ఇస్తోందని అబద్ధం చెప్పాడు. నెలనెలా కట్టి రద్దు చేస్తుంటే ఎప్పుడో ఒకప్పుడు తెర మీద చందా ముగిసింది అని పడుతుంది, గుట్టు రట్టవుతుంది. అందుకే అది ఏడాదికి, పూర్తి ధరకి, ఒక్కసారైనా రద్దు చేయకుండా.

మెట్ల దగ్గర ఆగి ఫోను తీశాడు. తిరిగొచ్చినవాళ్ళకి సగం ధర అంది యాప్. కాకపోతే రేపటి నుంచి.

"ఇప్పుడేం చేస్తావు మావయ్యా?" అన్నాను.

ఆయన పూర్తి ధర నొక్కాడు. నా కళ్ళతో నేను చూశాను కాబట్టి నమ్మాను.

లోపల గురువుగారు నల్లటి తెర ముందు రిమోటు పట్టుకుని కూర్చున్నారు.

"ఏరా, చందా ముగిసిందంటోంది. ఉచితానికి చందా ఏంటి?"

మావయ్య నీళ్ళు నమిలాడు. "అదీ... పింఛను వాళ్ళు ఏడాదికోసారి మనిషి బతికున్నాడో లేదో చూస్తారు కదండీ. ఈ కంపెనీ కూడా అంతేనట. అందుకే ఈ మేడంగారిని పంపించారు."

మేడంగారు ఎవరా అని వెనక్కి తిరిగి చూశాను. నేనే.

గత్యంతరం లేక బ్యాగులోంచి పిల్లల హాజరు పుస్తకం తీశాను. "మీరు... బతికే ఉన్నారాండీ?"

"ప్రస్తుతానికి," అన్నారు గురువుగారు.

"ఇంజను పని వచ్చా?"

"కింద స్కూటరు ఆపారే, దాని కార్బురేటర్ శుభ్రం చేసి ఏడాదైంది. మెకానిక్ ఇంట్లోదే అయ్యుంటుంది."

మావయ్య తల దించుకుని, టీవీని కొత్త చందాకి కలపడానికి తెర మీది అంకెలు ఫోనులో కొట్టాడు. టీవీ వెలిగింది. కార్లు ఇంకా బారులు తీరుతున్నాయి. మావయ్య వదిలిన నిట్టూర్పుకి కిటికీ పరదా కదిలింది.

"మంచి కంపెనీ అమ్మా మీది," అన్నారు గురువుగారు నాతో. "వీణ్ణి చూడు, డబ్బు పోసి చూస్తాడు. నా దాంట్లోనే వీడూ చూడొచ్చా?"

హాజరు పుస్తకం చూసి చెప్పాను. మెయిల్లో చదివాను కాబట్టి నాకు తెలుసు. "చూడొచ్చండీ. ఏడాది చందాలో రెండు ఇళ్ళలో ఒకేసారి చూడొచ్చు."

మావయ్య నోరు తెరిచాడు. మూడేళ్ళు! నాలుగో రేసులో సగం కోసం పటాలు గీసిన మనిషి, మూడేళ్ళుగా రెండు చందాలు కడుతున్నాడు. ఆ ఒక్క చందా గురించి మాత్రం ఏనాడూ లాభం చూసుకోలేదు, వివరాలు చదవలేదు. నాకు ఆయన మీద అంత ప్రేమ ఎప్పుడూ కలగలేదు.

రేసు అయ్యింది, ఎర్ర కారు గెలిచింది. మావయ్య ముందు స్కూటరు తీయడానికి కిందికి దిగాడు. నేను సెలవు తీసుకుంటుంటే గురువుగారు దగ్గరికి పిలిచారు.

"అమ్మాయ్, కంపెనీవాళ్ళు వీణ్ణి మావయ్యా అని పిలుస్తారా? మెట్ల దగ్గర నువ్వన్న మాట నాకు వినబడింది."

నేను పుస్తకం బ్యాగులో దాచుకున్నాను. "మరి ఊరుకున్నారేంటండీ?"

"మొదటి ఏడే పసిగట్టాను. అందరి చేతా బతిమాలించుకునే వెధవ, నన్ను బతిమాలకుండా, చెప్పకుండా ఇచ్చాడు. కాదంటే ఏడుస్తాడు. వాడికి చెప్పకు." ఆయన కళ్ళు చెమర్చాయి కానీ నవ్వుతూనే ఉన్నారు. "రెండు ఇళ్ళ సంగతి ముందే తెలిస్తే బావుండేది. వాడి డబ్బు వాడికి మిగిల్చేవాణ్ణి."

కిందికి వెళ్ళేసరికి మావయ్య స్కూటరుకి ఆనుకుని, తన నెలసరి చందా శాశ్వతంగా మూసేస్తున్నాడు. యాప్ మూడుసార్లు బతిమాలింది, నాలుగోసారి ఒక నెల ఉచితమంది. ఆ మాట కోసం ఇన్నేళ్ళు తపించిన మనిషి దానివైపు కన్నెత్తి చూడలేదు. ఎందుకు వదిలి వెళ్తున్నారన్న గడి రాగానే కళ్ళజోడు తుడుచుకుని శ్రద్ధగా నింపాడు.

"ఇకమీదట మా గురువుగారు చూపిస్తారు. అందరూ కులాసా అని తలుస్తాను."