రెండు గిన్నెల కందిపప్పు

మొన్న ఆదివారం మా మనవరాలు బడిలో ఇచ్చిన కాగితమొకటి పట్టుకొచ్చి నా ముందు కూర్చుంది. అందులో ఒక పట్టిక. ఎడమవైపు వాతావరణ మార్పు, ఆమ్లవర్షం, జీవవైవిధ్యం, జలకాలుష్యం, భోపాల్ అంటూ వరసగా పేర్లు; కుడివైపు పిల్లలకు, నానమ్మ తాతలకు, వాళ్ల పెద్దలకు మూడు గళ్లు. ఎవరికి ఏది తెలుసో అడిగి టిక్కు పెట్టుకు రమ్మన్నారట. తన గడి ఎవరినీ అడగకుండానే నింపేసుకుంది. నా గడిలో ఒకటి రెండు తప్ప అన్నీ పడ్డాయి, రిటైరైన టీచరమ్మ పరువు దక్కింది. పై తరానికి ఎవరంటే నన్ను పెంచిన మేనత్తను రాసుకోమన్నాను. ఒక్క భోపాల్ దగ్గర తప్ప అన్నింటికీ "తెలియదు" అనే చెప్పాల్సి వచ్చింది. "అయ్యో, మీ అత్తకు ఒక్కటే మార్కా నానమ్మా?" అంది జాలిగా. ఆ జాలికి నాకు ఒళ్లు మండింది. పిల్లమీద కాదు, మా అత్తను కొలవడానికి వచ్చిన ఆ గళ్లమీద.

మాది జహీరాబాద్ నుంచి మొగుడంపల్లి పోయే దారిలో ఎర్రనేలల ఊరు. చిన్నతనంలోనే భర్త పోయి పుట్టింటికి వచ్చేసిన అత్తకు తాత ఒక చెల్క, అంటే ఎర్రమట్టి మెట్టచేను, అందులోని బావి రాసిచ్చాడు. డెబ్బైల మొదట్లో వచ్చిన కరువులో చుట్టుపక్కల బావులన్నీ అడుగంటినా అది అడుగంటలేదు. పక్క ఊళ్లవాళ్లు బిందెలతో వస్తే అత్త గట్టుమీద కూర్చుని, తోసుకునేవాళ్లను తిడుతూ, ముసలివాళ్లకు ముందు తోడించేది. ఆమెకు నీళ్లకు ఒకటే పరీక్ష, కందిపప్పు. మంచి నీళ్లయితే పప్పు వెన్నలా ఉడకాలి. ఏ ఊరు పెళ్లికి పోయినా పెళ్లికొడుకును చూడకముందే వంటలవాళ్ల దగ్గరికి పోయి, "మీ ఊరి నీళ్లల్ల పప్పెట్ల ఉడుకుతది?" అని అడిగేది. నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టుండేది.

డెబ్బైల చివర్లో ఊరికి ఎగువన ఒక ఫ్యాక్టరీ వెలిసింది. రంగులన్నారు, మందులన్నారు, ఏం తయారుచేసేవారో మాకెవరూ చెప్పలేదు. దాని నీళ్లు వాగులోకి వదిలేవారు. వాగు పక్కనే మా బావి. రెండు వానకాలాలు గడిచేసరికి పప్పు ఉడకడం మానేసింది. అత్తకు బావిమీద ఎంత నమ్మకమంటే, ముందు కట్టెలు పచ్చివంది, తర్వాత కంది ముదిరిందంది, చివరికి మా అమ్మకు వంట రాదంది. అమ్మ రెండు నెలలు మాటలు పడింది. ఒకరోజు మా బావికి పెట్టిన పంపు చెడిపోయి, వాగు అవతల మెరకమీదున్న బావి నీళ్లు తెస్తే, అదే పప్పు, అవే కట్టెలు, చిటికెలో ఉడికిపోయింది. అత్త ఒక గింజను వేళ్లతో నలిపి చూసి, "వదినా, నీ తప్పు లేదు. చెడ్డది నా బాయి" అంది. ఆమె ఎవరి దగ్గరైనా తప్పు ఒప్పుకోవడం నేను చూడటం అదే మొదలు.

ఊళ్లో ఎవరూ పట్టించుకోలేదు. ఫ్యాక్టరీలో కొందరికి పని దొరికింది మరి. అలా ఏళ్లు గడుస్తుండగా రేడియోలో భోపాల్ వార్త వచ్చింది. రచ్చబండ దగ్గర అందరి నోటా గ్యాసు మాటే. ఒక్కసారిగా అంతమంది చస్తే దానికి పేరొచ్చింది, అందరూ గుర్తుపట్టారు. కళ్లముందు మెల్లగా చస్తున్న బావికి పేరు లేదు, దాన్ని ఎవరూ గుర్తుపట్టలేదు. నాకు ఇప్పటికీ కోపమే. అప్పుడు నేను సంగారెడ్డిలో టీచర్ ట్రైనింగు చేస్తున్నాను, కొత్త పదాలు నేర్చుకున్న పొగరు మీదున్నాను. అత్త తరఫున అర్జీ రాశాను. ఒక్క పేజీలో నాలుగుసార్లు జలకాలుష్యం, రెండుసార్లు పర్యావరణ విధ్వంసం. ఆమెకు చదివి కూడా వినిపించకుండా వేలిముద్ర వేయించాను.

కొన్నాళ్లకు విచారణకు ఒక ఆఫీసరు జీపులో వచ్చాడు. మా ఇంటి అరుగుమీద కూర్చుని, "పెద్దమ్మా, జలకాలుష్యం అని రాశారు. అంటే ఏమిటి?" అని అడిగాడు.

"తెల్వది సారూ."

"పర్యావరణ విధ్వంసం?"

"అదీ తెల్వది. మా పిల్ల రాసింది."

ఆయన నవ్వి, ఫిర్యాదుదారుకు విషయంపై అవగాహన లేదని రాసుకుని కలం మూశాడు. తలుపు వెనక నిలబడ్డ నాకు చచ్చిపోవాలనిపించింది. బావికున్న ఒక్క ఆశను నా చదువే ముంచింది.

అత్త మాత్రం కదల్లేదు. "పొద్దు నెత్తిమీదికొచ్చింది సారూ. తినకుండ పోతే మా ఇంటి ఇజ్జత్ పోతది. జర కూసోండ్రి" అంది. మధ్యాహ్నం గడప తొక్కిన మనిషిని పస్తు పంపడం మా దిక్కు లేదు. ఊరి పెద్దలూ వత్తాసు పలికారు, ఆయన ఇరుక్కుపోయాడు. వాకిట్లోనే రెండు పొయ్యిలు వెలిగించింది. ఒకే సోలతో కొలిచి రెండు కుండల్లో పప్పు పోసింది. ఒకదానిలో మా బావి నీళ్లు, రెండోదానిలో వాగు అవతలివి. ఆయన గడియారం చూసుకుంటూ గంటసేపు కూర్చున్నాడు. మొదట మా బావి పప్పు గిన్నెలో పోసి, జొన్నరొట్టెతో పెట్టింది. ఒక ముద్ద నమిలి ఆగిపోయాడు.

"ఉడకలేదమ్మా."

"రేపటిదాంక కూసున్నా ఉడకది సారూ. గిది మా బాయి. ఇగ గిది తినుండ్రి" అని రెండో గిన్నె ముందు పెట్టింది. ఆయన గిన్నె ఊడ్చుకు తిన్నాడు. "ఒక్క చెల్క కందులే, ఒక్క తీరు మంటనే. నీళ్లే వేరు. దీన్ని మీ సదువులల్ల ఏమంటరో మీరు రాసుకోండ్రి. నేను చెప్పింది మాత్రం నేను చెప్పినట్లనే రాయాలె. లేకుంటే ఏలుముద్ర ఎయ్య."

ఆయన ఇందాక రాసిన వాక్యం కొట్టేశాడు. కప్పల అరుపు ఏ వానకాలంలో ఆగిపోయిందో, ఇత్తడి బిందె ఎప్పుడు నల్లబడిందో, గేదె ఎలా మూతి తిప్పుకుపోతుందో ఆమె చెప్పింది, ఆయన రాశాడు. చదివించుకుని, "ఎద్దు కాదు సారూ, బర్రె" అని దిద్దించి మరీ వేలిముద్ర వేసింది.

ఫ్యాక్టరీ నీళ్లు వాగులోకి వదలడం ఆగింది. కొన్నేళ్లకు ఫ్యాక్టరీ మూతపడింది కూడా. అది మా కాగితం వల్లేనని గొప్పలు పోను. బావి మాత్రం బాగుపడలేదు. ఏటా వానలు తగ్గాక ఆ నీళ్లతో గుప్పెడు పప్పు వండి, ఒక గింజ నమిలి, "ఇంక కాలే" అని లేచిపోయేది అత్త. ఆమె పోయాక ఆ పని నాది. పూడ్చేసి ప్లాట్లు చేద్దామంటాడు మా తమ్ముడు. ఈ ఏడు కూడా గింజ పంటికింద కటుక్కుమంది. చెడగొట్టడానికి రెండు వానకాలాలు చాలాయి, బాగుపడడానికి రెండు ఆయుష్షులు చాలడం లేదు. అయినా నేను బతికుండగా ఆ బావిని పూడ్చనివ్వను.