మూడు ఫ్యాన్లూ ఒక పిలుపూ

మా ఇంట్లో ఎవరినైనా ఒక్కసారే పిలిచేవాళ్లు. రెండోసారి పిలిస్తే అది బతిమాలడం కిందికి వస్తుందని మా తాతగారి పద్ధతి. ఆయన తరవాత మా నాన్న ఆ పద్ధతిని అంతగా పట్టించుకోలేదు గాని, మా మేనత్త మాత్రం విడిచిపెట్టలేదు. చిన్న వయసులోనే భర్త పోయి పుట్టింటికి వచ్చేసిన మనిషి. మా అమ్మ పోయాక నన్ను పెంచింది ఆవిడే. మా పొగాకు బ్యారన్లు నడిచిన రోజుల్లో వరండా చివర నిలబడి, గొంతు పెంచకుండా ఒక్క పేరు పలికేది. ఆకు కాల్చే బ్యారన్ల దగ్గర ఉన్నవాళ్లకీ, గ్రేడింగ్ షెడ్డులో ఆకు ఏరే ఆడవాళ్లకీ అది వినపడేది. ఎవరిని పిలిచిందో వాళ్లు వచ్చి మెట్ల కింద నిలబడేవాళ్లు.

బ్యారన్లు పోయాయి, పొలం పోయింది, చివరికి ఇల్లు కూడా పోయింది. ఎలా పోయాయో ఇక్కడ రాయదలుచుకోలేదు. అడిగినవాళ్లకి కూడా నేనెప్పుడూ చెప్పలేదు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో చిలకలూరిపేటలో ఒక జిన్నింగ్ మిల్లు వెనక వీధిలో రెండు గదుల వాటా అద్దెకు తీసుకుని అత్తా నేనూ ఉండేవాళ్లం. ముందు గదిలో నా కంప్యూటరు, వెనక గదిలో అత్త మంచం, మధ్యలో తలుపు లేని గుమ్మం. ఒక ప్రింటింగ్ ప్రెస్ వాళ్లు పంపే మేటరు టైపు చేసి, పేజీలు పెట్టి ఇవ్వడం నా పని. శుభలేఖలు, కరపత్రాలు, విత్తనాల దుకాణాల కాగితాలు, అప్పుడప్పుడూ లెక్చరర్ల థీసిస్‌లు. ఇంటి ముందు బోర్డు పెట్టుకుంటే నేరుగా పని వస్తుందని ప్రెస్ ఆయన చాలాసార్లు చెప్పాడు. పెట్టలేదు. మా ఇంటిపేరుతో బోర్డు ఒకప్పుడు బ్యారన్ల గేటు మీద ఉండేది. అది చూసిన కళ్లతో 'ఇచ్చట డి.టి.పి. చేయబడును' అని రాయించుకోవడం నా వల్ల కాలేదు.

ఆ కంప్యూటరు సెకండ్ హ్యాండుది. అందులో మూడు ఫ్యాన్లు. పవర్ సప్లైలో ఒకటి, ప్రాసెసర్ నెత్తిన ఒకటి, డబ్బా వెనక ఒకటి. జిన్నింగ్ సీజనులో మా వీధంతా దూది నూగు ఎగిరేది. మిరపకాయల లారీలు పోతే ఎర్రటి ధూళి లేచేది. రెండూ కలిసి రెక్కలకు పట్టుకుని, ఫ్యాన్లు పిండిమర తిరిగినట్టు మోగేవి. నాకది అలవాటైపోయింది. పైగా ఆ మోతలో కూర్చుంటే వీధి అరుగు మీద మా గురించి ఎవరేమనుకుంటున్నారో వినపడేది కాదు. నాకది బాగానే ఉండేది.

అత్త స్నానాల గదిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నాక ఆ మోత బాగుండటం మానేసింది. ఆపరేషను చేసి ఇంటికి పంపుతూ, ఒకరి చెయ్యి పట్టుకోనిదే మంచం దిగకూడదని గట్టిగా చెప్పారు. పొద్దునపూట ఒకామె వచ్చి స్నానం చేయించి పోయేది. మిగతా రోజంతా నేనే. ఆవిడ గొంతు కూడా సన్నబడిపోయింది. ఒక మధ్యాహ్నం టీ పెడదామని లేచి వెనక గదిలోకి వెళ్లేసరికి అత్త మంచం మీద లేదు. కింద, గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. మోచెయ్యి గీరుకుపోయింది. ఎంతసేపట్నుంచి అలా ఉందో తెలియదు. నేను లేవదీస్తుంటే ఒక్క మాట అంది.

"పిలిచాను."

వినపడలేదని చెప్పాను. ఇంకోసారి పిలవొచ్చుగా అని నోటిదాకా వచ్చింది, అడగలేదు. ఆవిడ స్థానంలో నేనున్నా పిలిచేవాణ్ణి కాదు.

మర్నాడు ఒక చిన్న ఇత్తడి గంట కొనుక్కొచ్చి మంచం పక్కన పెట్టాను. అత్త దాన్ని చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, నాకే ఇచ్చేసింది. "గంట కొడితే ప్యూను వస్తాడురా. నువ్వు ప్యూనువా?" అంది.

ఇక మిగిలింది మిషను నోరు మూయించడం. పాత ఇంటి నుంచి మాతో వచ్చిన పెద్ద సామాను ఒక్కటే, టేకు భోషాణం. మా ముత్తాతగారి కాలం నుంచి పట్టుబట్టలూ వెండి సామానూ దాచిన పెట్టె. అప్పటికి అందులో పాత దుప్పట్లు తప్ప ఏమీ లేవు. దుప్పట్లు బయట పడేసి, కంప్యూటరు డబ్బాని అందులో దించాను. వెనక పలక ఒక మూల విరిగి ఉంది. వైర్లన్నీ ఆ సందులోంచి బయటికి లాగి, స్విచ్చి వేసి మూత దించాను. ఇల్లంతా ఒక్కసారిగా సద్దుమణిగింది. అత్త దగ్గడం వినపడింది. మిల్లులో దూది బేళ్లు దొర్లిస్తున్న చప్పుడు వినపడింది. ఆ కాసేపూ నాకు చాలా గర్వంగా ఉండింది. మా పెట్టె ఇన్నాళ్లకి మళ్లీ ఒక పనికొచ్చిందనుకున్నాను.

"అందులో ఏం దాచావురా?" అని అత్త అడిగింది. మన జీవనాధారమే అని చెప్పాను.

గంట గడిచేసరికి తెర నల్లబడింది. మూత ఎత్తితే ఇడ్లీపాత్ర మూత ఎత్తినట్టు వేడి మొహానికి కొట్టింది. పొద్దున్నుంచి దిద్దిన థీసిస్ పేజీలన్నీ పోయాయి. మిషను మళ్లీ వెలగలేదు.

బస్టాండు దగ్గర కంప్యూటర్లు బాగుచేసే షాపు ఒకటుంది. ఆ షాపు ఎవరిదో తెలిసే అంతకుముందు ఎప్పుడూ అక్కడికి వెళ్లలేదు. నా ఈడు మనిషే. వాళ్లమ్మ మా గ్రేడింగ్ షెడ్డులో ఆకు ఏరేది. వాళ్ల ఇల్లు మా ఊళ్లో చర్చి వెనక ఉండేది. అతను పాలిటెక్నిక్ చదివి షాపు పెట్టాడని విన్నాను. మిషనుకి ఏం వచ్చినా నేను డబ్బాని ఒళ్లో పెట్టుకుని బస్సులో గుంటూరు వెళ్లి బాగుచేయించుకుని వచ్చేవాణ్ణి. ఇప్పుడు అత్తని వదిలి అంతసేపు పోలేను. ఆటోలో పెట్టుకుని అతని దగ్గరికే వెళ్లాను.

అతను నన్ను గుర్తుపట్టాడు. ఆ సంగతి పైకి అనలేదు, స్టూలు తుడిచి వేశాడు. డబ్బా విప్పి బ్రష్షుతో లాగుతుంటే వత్తులు చేసుకునేంత దూది వచ్చింది. ఎక్కడ పెట్టి వాడారు, ఇంత ఎలా కాలింది అని అడిగాడు. చెప్పాను. అతను నవ్వలేదు.

"నగలకైతే మంచి చోటేనండి. దీనికి గాలి కావాలి."

పోయింది పవర్ సప్లై ఒక్కటేనని తేల్చాడు. కొత్తది వేస్తే దాని ఫ్యాను చప్పుడు చెయ్యదన్నాడు. మిగతా రెండిటికీ మూత పెట్టక్కర్లేదు, నెమ్మదిగా తిరిగేలా చేస్తే చాలని చెప్పాడు. వాటికి పన్నెండు వోల్టులు వెళ్తాయి కాబట్టి ఎప్పుడూ పూర్తి జోరులో తిరుగుతాయట. ఏడు వోల్టులే ఇస్తే జోరు బాగా తగ్గి, మోత దాదాపు ఉండదట. పసుపు వైరూ ఎర్ర వైరూ మార్చి కలిపితే ఏడు వోల్టులు వస్తాయి గాని, మన ఎండలకి ఎప్పుడూ ఏడు మీదే ఉంచితే చాలదన్నాడు. సీలింగు ఫ్యానుకి రెగ్యులేటరు ఉన్నట్టు దీనికి ఒక చిన్న నాబ్ పెడతాను, చలికాలం తగ్గించుకోండి, ఎండాకాలం పెంచుకోండి అన్నాడు. ప్రాసెసర్ వేడి తెర మీద ఎక్కడ చూసుకోవాలో కాగితం మీద రాసిచ్చాడు. ఇంతకీ చప్పుడు ఎందుకు తగ్గించాలని అడిగినప్పుడు అత్త సంగతి చెప్పక తప్పలేదు. అతను చేతిలో స్క్రూడ్రైవరు ఆపాడు.

"ఇంకా ఒక్కసారే పిలుస్తారాండీ?"

నేను ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

ఆదివారం చర్చి అయ్యాక ఆ తెల్లచొక్కాతోనే నాబ్ బిగించడానికి మా ఇంటికి వచ్చాడు. నేల మీద కూర్చుని పని మొదలుపెట్టబోతే అత్త గుమ్మంలోంచి చూసి, కుర్చీ వెయ్యమని నాకు చెప్పింది. ఎవరి అబ్బాయివని అడిగింది. చెప్పాడు. మీ అమ్మ చేతిలో ఒక్క ఆకు కూడా చిరిగేది కాదంది అత్త. మీరు పిలిస్తే షెడ్డులో ఆడవాళ్లు చేతిలో ఆకు అక్కడే పడేసి లేచేవాళ్లని మా అమ్మ ఇప్పటికీ చెబుతుందండి అన్నాడు అతను. అది పొగడ్తో కాదో నాకు తెలియలేదు. అత్త పొగడ్తగానే తీసుకుంది.

బిగించడం అయ్యాక నాబును కొంచెం కొంచెంగా దించుతూ ఒకచోట ఆపాడు. ఇప్పుడు అది సరిపోయిందో లేదో చూడాలి.

"అమ్మగారూ, ఒకసారి అబ్బాయిగారిని పిలవండి. వినపడుతుందో లేదో చూద్దాం."

"పనేంటి?"

"పనేం లేదండి. ఊరికే."

"ఊరికే పిలవను" అంది అత్త.

అతను నన్ను కీబోర్డు ముందు కూర్చుని టైపు చేస్తుండమని, తను వెనక గదిలోకి వెళ్లాడు. నేను ఒక పేరా టైపు చేశాను. "అబ్బాయ్" అని వినపడింది, సన్నగా, అత్త పిలిచే తీరులోనే. "ఆఁ, వస్తున్నా" అంటూ లేచి, గుమ్మందాకా వెళ్లాక గాని పిలిచింది అతనని నాకు తట్టలేదు. ఒకప్పుడు మా మెట్ల కింద నిలబడిన మనిషి కొడుకు పిలిస్తే నేను పరిగెత్తుకొచ్చి గుమ్మంలో నిలబడి ఉన్నాను. నా మొహం ఎలా ఉందో గాని, అత్త నవ్వింది. తుంటి విరిగాక ఆవిడ నవ్వడం అదే మొదటిసారి. బాగానే వినపడుతోందండి అన్నాడు అతను, ఏమీ ఎరగనట్టు. నాబ్ పక్కన డబ్బా మీద ఎర్రపెయింటుతో ఒక గీత గీసి, ఎండాకాలం ఈ గీత కిందికి దించొద్దని చెప్పి వెళ్లిపోయాడు.

చలికాలం వచ్చింది. నేను నాబును గీత కిందికి దించడం మొదలుపెట్టాను. తెర మీద వేడి చూసుకుంటూ రోజుకి ఇంత అని దించేవాణ్ణి. చివరికి డబ్బాకి చెవి ఆనిస్తే తప్ప మిషను నడుస్తున్నట్టే తెలిసేది కాదు. వెనక గదిలో అత్త పక్కకి ఒత్తిగిలితే మంచం కిర్రుమనడం కూడా వినపడేది. ఎప్పుడు పిలుస్తుందా అని చెవులు రిక్కించి కూర్చునేవాణ్ణి. ఆవిడ పిలవడం తగ్గింది. ఒంట్లో కుదుటపడుతోందనుకున్నాను.

ఒక సాయంత్రం దీపం వేద్దామని వెళ్లి చూస్తే పక్క తడిసి ఉంది. తడి చల్లబడిపోయింది కూడా. ఎప్పుడో మధ్యాహ్నం అయ్యుండాలి. ఎందుకు పిలవలేదని మొదటిసారి గట్టిగా అడిగాను.

"మిషను చప్పుడు లేదు. నువ్వు బయటికి పోయావనుకున్నాను. మనిషి లేని ఇంట్లో పిలవడమెందుకు?"

ఇన్నాళ్లూ నేను ఇంట్లో ఉన్నదీ లేనిదీ ఆ మోతని బట్టే ఆవిడకి తెలిసేదట. మోత ఉన్నప్పుడు పిలుపు వినపడదని తెలుసు. అయినా మనిషున్నాడుగా అని పిలిచేదట. దుప్పటి మారుస్తున్నంతసేపూ అత్త కళ్లు తెరవలేదు. నేను గోడ వైపు చూస్తూ మార్చాను.

వెంటనే నాబును మళ్లీ గీత దగ్గరికి తెచ్చాను. అక్కడ సన్నటి గాలి చప్పుడు ఉండేది. ఆవిడకి వినపడేంత, ఆవిడ పిలుపుని ముంచెయ్యనంత. గీత గీసిన మనిషి ఎండ సంగతే ఆలోచించాడు, ఇది కాదు. అయినా అక్కడే కుదిరింది. అత్త మళ్లీ పిలవసాగింది, మంచినీళ్లకీ, దిండు ఎత్తు చెయ్యడానికీ.

మార్చి నెల వచ్చింది, మిరపకాయల జోరు. ఒకరోజు ప్రెస్ వాళ్లకి మధ్యాహ్నంలోపు ఒక శుభలేఖ ఇవ్వాలి. వరుడి పేరు పక్కన డిగ్రీలు టైపు చేస్తున్నాను. "అబ్బాయ్" అని వినపడింది. స్పష్టంగా వినపడింది. ఈ లైను అయ్యాక లేద్దామనుకున్నాను. లైను అయింది. తల్లిదండ్రుల పేర్లు రెండు లైన్లే కదా, అవి కూడా అయిపోతాయనుకున్నాను.

"అబ్బాయ్."

నాకు ఊహ తెలిసిన దగ్గర్నుంచి ఆ గొంతు ఎవరినీ రెండోసారి పిలవడం నేను వినలేదు. కుర్చీ వెనక్కి పడేలా లేచాను. మా కిటికీ కింద ఎవరో లారీలోంచి మిరపకాయల టిక్కీ బస్తాలు దించుతున్నారు. ఒక గోతం చిరిగినట్టుంది, ఘాటు గదిలోకి కొడుతోంది. అత్త పైటచెంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, దగ్గలేక దగ్గుతోంది. కళ్లవెంట నీళ్లు కారుతున్నాయి. కిటికీ మూసి, తల ఎత్తిపట్టుకుని మంచినీళ్లు తాగించాను. ఊపిరి తీసుకోవడానికి చాలాసేపు పట్టింది.

"వినపడలేదా?" అంది.

"ఫ్యాను చప్పుడత్తా" అన్నాను.

ఆవిడ నా మొహం చూడలేదు. ముందు గది వైపు తల తిప్పి వింది. నేనూ విన్నాను. ఆ సన్నటి గాలి చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

"ఔను. ఎక్కువగానే ఉంది" అంది అత్త.

ముందు గదిలోకి వచ్చి, కుర్చీ లేపి వేసి, నాబును గీత దాటించి, అన్న మాట నిజమయ్యేలా చివరిదాకా తిప్పాను. ఫ్యాన్లు పాత మోత అందుకున్నాయి. ఆ శుభలేఖ అయ్యేదాకా లైనుకి ఒకసారి లేచి వెనక గదిలోకి వెళ్లి చూసి వచ్చాను. వెళ్లినప్పుడల్లా ఆవిడ కళ్లు తెరిచే ఉంది. ఏం కావాలని అడగలేదు నేను. ఆవిడ పిలవలేదు.